మరుభూమి వృక్షం – మన మాట

గత 2024 జూన్ నెలలో అమెరికా సంయుక్తరాష్ట్రాల నైరుతి మూలనున్న సొనోరా ఎడారిని చూచే అవకాశం నాకు కలిగింది. అరిజోనాలోని టూసాన్ నగరానికి పడమటనున్న సవారో జాతీయోద్యానంలోనికి సూర్యోదయ వేళకు ప్రవేశించినాము. నా మేనల్లుడు కారు నడుపుతున్నాడు. కొండవాలు మలుపు తిరిగేసరికి కంటికి ఆనినంత మేర ఆ మహాజెముళ్లు నిలిచి ఉన్నవి. ముప్పయి, నలభై అడుగుల ఎత్తు. నిలువుగా మడతలు దేరిన పచ్చని బోదె. నడుమ నుండి పుట్టి ఆకాశంవైపు వంగిన రెండు మూడు చేతులు. పది కాదు, నూరు కాదు, వేలు ఉన్నవి. ఏ రెండూ ఒకదానినొకటి తాకడం లేదు. ఈ చెట్టు పేరు లిపిలో గకారంతో ఉన్నా పలుకుబడిలో అది వినబడదు. కనుక ‘సవారో’ అనే వ్రాస్తున్నాను.

చూచినవెంటనే మనస్సు ఉపమానాలకై తడుముకున్నది. ధ్వజస్తంభమని ఒకసారి, చేతులెత్తి మొక్కే భక్తుడని ఒకసారి నా చిన్న పుస్తకంలో వ్రాసుకున్నాను. కొమ్మల చివర ఎర్రని పూలు విచ్చి ఉన్నవని కూడా వ్రాసి, “పూలు ఎంత ఎర్రగా ఉన్నవో చూచినావా!” అని మేనల్లునితో అన్నాను. అతడు నవ్వి, “మామయ్యా, అవి పూలు కావు, పగిలిన కాయలు. పూలు తెల్లగా ఉంటాయి. రాత్రి విచ్చి మర్నాటి మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి” అన్నాడు. కాయ పండి చీలినప్పుడు దాని తొక్క లోపలి ఎరుపు వెలికి తిరిగి దూరానికి పువ్వులా కనబడుతుంది. ఈ పొరపాటు పడేవాళ్లు అనేకులట. ఐనా నాకు కలిగిన సిగ్గు తగ్గలేదు. ఏలన, ఆ ఎడారిని గూర్చి ఆంగ్లంలో వెలువడిన గ్రంథాల నుండి కొన్ని భాగాలు ఎంచి తెనిగించే పనిలో నేను అప్పటికి రెండేళ్లుగా ఉన్నాను. వ్రాతప్రతి నా సంచిలోనే ఉన్నది. అందులో ప్రతి పుటలోనూ ఈ చెట్టు ‘బ్రహ్మజెముడు’గా ఉన్నది.

ఈ వ్యాసం ఆ వ్రాతప్రతిని గూర్చినది. మెచ్చుకోవడం వేరు, చూడడం వేరు అని సవారోలు నాకు నేర్పినవి. దీనిని గూర్చి వ్రాసినవారిలో ఎవరు చూచినారు, ఎవరు కేవలం మెచ్చినారు, చూచినదానిని మన భాషలోకి తేవడానికి మనవద్ద ఏమి సామగ్రి ఉన్నది అన్న ప్రశ్నలను పాఠకుల ముందు ఉంచడం నా ఉద్దేశం.

మొదట మన సామగ్రిని లెక్కచూచుకుందాం. తెలుగులో జెముడు కుటుంబం పెద్దది: బ్రహ్మజెముడు, నాగజెముడు, ఆకుజెముడు, కాడజెముడు, బొంతజెముడు. ఈ పేర్లు ప్రాంతాన్నిబట్టి ఒక మొక్కమీది నుండి మరొకదానిమీదికి జారుతూ ఉంటాయి. గిల్లితే పాలు కారేవి మన నేలలో పుట్టినవి. వృక్షశాస్త్రం వీనిని యుఫోర్బియా జాతిలో చేర్చినది. నాగజెముడు మాత్రం వలస వచ్చినది. ఒక్క చిన్న మినహాయింపు తప్ప కాక్టస్ కుటుంబమంతా అమెరికా ఖండాలలోనే పుట్టినది. 18వ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీవారు ఎర్రరంగు నిచ్చే పురుగును పెంచాలని, దానికి మేతగా నాగజెముడును మద్రాసు ప్రాంతంలో నాటించినారు. రంగు వ్యాపారం సాగలేదు, మొక్క మాత్రం నిలిచినది. పొలాలమీదికి, డొంకలమీదికి ప్రాకినది. చివరికి 1926లో సింహళం నుండి మరొక పురుగును తెచ్చి వదిలిన తరువాతగాని దాని విజృంభణ తగ్గలేదు. ఇటువంటి చరిత్ర గల మొక్కకు మన మాటలో గౌరవం ఎక్కడిది? జెముళ్లు మొలిచిన ఇల్లంటే పాడుపడిన ఇల్లు. జెముడుడొంకంటే పాములుండే చోటు. బ్రహ్మశబ్దం ముందు చేర్చినంతమాత్రాన జెముడు దేవత కాలేదు. వాడిన మాట వాడుతూనే నేను నా పాఠకునిచేత, తనకు తెలియకుండానే, ఈ చెట్టును అసహ్యించుకునేటట్లు చేస్తున్నానని ఆ ఉదయం తెలిసివచ్చినది.

మాట సంగతి అటుంచి భావన సంగతి చూచినా మనకు చిక్కు తప్పదు. అద్భుతరసానికి విస్మయం స్థాయి అన్నాడు భరతుడు. దివ్యులను చూడడం, కోరిక తీరడం, ఉద్యానాలకు దేవాలయాలకు పోవడం మొదలైనవి దానికి విభావాలుగా పేర్కొన్నాడు. ఉద్యానం ఉన్నది కాని ఎడారి లేదు. మన సంస్కృతాంధ్ర కావ్యాలలో మరుభూమికి ముఖ్యంగా ఒక్కటే ఉద్యోగం: ఎండమావిని చూపడం. అది భ్రాంతికి ఉపమానం అవుతుంది. దానికంటూ ఒక అందం ఉన్నదని చెప్పిన కవులు అరుదు. దక్షిణదేశంలో ఒక్క ప్రాచీన తమిళకవులు మాత్రం ఈ నేలకు శాస్త్రంలోనే చోటు కల్పించినారు. వారి ఐదు తిణైలలో పాలై ఒకటి. కొండ, అడవి ఎండకు తమ స్వభావం కోల్పోయి పాలైగా మారుతాయని శిలప్పదికారం చెప్తుంది. ప్రియుడు ధనార్జనకై ఆ దారిన పోతాడు. ప్రియురాలు ఇంట మిగులుతుంది. కురుందొగైలో ఒక పద్యమున్నది. అందులో వానలేని దారిలో కళ్ళి కాయ ఫెళ్లున పగులుతుంది. ఆ చప్పుడుకు జంటపావురాలు బెదిరి లేచిపోతాయి. కళ్ళి అంటే మన జెముడే. విడిపోవడానికి సిద్ధమైన ఇద్దరి కథను కవి ఆ కాయచేత చెప్పించినాడు. ఇక్కడ మెచ్చుకోలు ఊసే లేదు, ఐనా మొక్కను చూచిన కన్ను ఉన్నది. సొనోరాలో సవారో పండు పగిలినప్పుడు తెల్లరెక్కల పావురాలు దానిమీద వ్రాలి తినడం నేను చూచినాను. ఆ పద్యం వెంటనే జ్ఞాపకం వచ్చినది.

ఇక ఆంగ్లగ్రంథాల మాట. 1901లో ‘ఎడారి’ అనే పుస్తకం వ్రాసిన జాన్ సి. వాన్ డైక్ కళాచరిత్ర బోధించిన ఆచార్యుడు. అమెరికావారు ఎడారిని పనికిమాలిన నేలగా, త్వరగా దాటవలసిన ఆటంకంగా తలచే కాలంలో, దానిలో వెలుగును, గాలిని, రంగును ఒక చిత్రకారుడు చూచే తీరులో చూచి వర్ణించినాడు. కాలువలు త్రవ్వి ఎడారులను సాగునేలగా మార్చరాదని వాదించిన ధైర్యం కూడా అతనిదే. ఈ రెండు కారణాలచేత అతని స్థానం పదిలం. కాని మొక్కల దగ్గరికి వచ్చేసరికి అతని చూపు మారుతుంది. ముల్లు అతనికి ఆయుధం, తొక్క కవచం, బ్రతుకంతా యుద్ధం. ఇది డార్విన్ అనంతరపు తరానికి సహజమైన భాష. ఐతే రంగుల విషయంలో అంత సూక్ష్మంగా చూచిన కన్ను చెట్టు దగ్గర తొందరపడి ఒక సిద్ధాంతాన్ని ఆశ్రయించినది. ఎడారిలో ఏకాకిగా తిరిగినట్లు అతడు చెప్పుకున్నాడు. 1990లలో పరిశోధకులు అతని పొరపాట్లను పట్టి చూపి, ప్రయాణంలో అధికభాగం రైళ్లమీద, విడుదుల మధ్య సాగినదని వాదించినారు. నేను దీనిని పెద్ద నేరంగా ఎంచను. రైలుకిటికీలో నుండి కూడా వెలుగును చూడవచ్చు. చెట్టును చూడడానికి మాత్రం దిగి నడవాలి.

ఒక సంగతి ఇక్కడ చెప్పుకోదగినది. 1848లో ఎంగెల్మన్ పెట్టిన శాస్త్రనామాన్ని మార్చి, 1908లో బ్రిటన్, రోజ్ అనే శాస్త్రజ్ఞులు సవారోకు ఉక్కువ్యాపారి ఆండ్రూ కార్నెగీ పేరు పెట్టినారు. టూసాన్‌లో 1903లో ఎడారి పరిశోధనశాల స్థాపించినది కార్నెగీ సంస్థయే. ఆ కార్నెగీ ఆత్మకథను 1920లో పరిష్కరించి ప్రకటించినవాడు మన వాన్ డైక్! ఒక ధనికుని పేరు చెట్టుకు, అదే ధనికుని జీవితం ఆ ఎడారిని స్తుతించిన రచయిత చేతికి వచ్చినవి. పేరు పెట్టడంలోనూ ఒక స్వామ్యం ఉన్నదని అనువాదకుడు మరువరాదు. ‘బ్రహ్మజెముడు’ అన్నప్పుడు నేను చేసినది కూడా అటువంటి పనియే.

జోసెఫ్ వుడ్ క్రచ్ దారి వేరు. అతడు న్యూయార్కులో నాటకవిమర్శకుడు, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1929లో వ్రాసిన ‘ఆధునిక మనఃప్రవృత్తి’లో, విజ్ఞానశాస్త్రం మనిషి నుండి ప్రేమకు, విషాదనాటకానికి ఉండే విలువను లాగివేసినదని నిస్పృహతో వాదించినాడు. అటువంటివాడు 1952లో నగరాన్ని వదలి టూసాన్ చేరి, 1970లో మరణించేవరకు అక్కడనే ఉన్నాడు. ఆ ఏడే ‘ఎడారిలో ఒక సంవత్సరం’ వెలువడినది. 1955లో ‘ఎడారి గొంతు’ వచ్చినది. మొక్కల మధ్య ఉండే దూరాన్ని వాన్ డైక్ తరంవారు పోరాటానికి గుర్తుగా చూడగా, క్రచ్ దానిలో మితాన్ని, మర్యాదను చూచినాడు. నీరు తక్కువైన చోట ఎవరి చోటు వారికి మిగలడమే అక్కడి ధర్మం. నిస్పృహ నుండి బయటపడిన విమర్శకుని గద్యం ఇది. దానిలోని హాస్యం, ఓపిక, తనను తాను పరీక్షించుకునే అలవాటు నాకు ఎంతో ప్రీతిపాత్రమైనవి. అనువాదం చేస్తున్నప్పుడు కూడా అతని వాక్యం తెలుగులో సుఖంగా కూర్చున్నది.

ఐనా క్రచ్‌లో ఒక లోపం ఉన్నది. అతని ఎడారిలో మనుషులు చాల తక్కువ. మొక్కలను, పురుగులను, పక్షులను పేరు పేరున పలకరించినవాడు, ఆ మొక్కతో వందల ఏళ్లుగా బ్రతుకుతున్నవారిని పలకరించిన పుటలు నాకు అరుదుగా కనబడ్డవి. తన మనోవ్యాధికి ఎడారిలో మందు వెతుక్కున్నవానికి అది ఖాళీగా ఉండడమే కావలసివచ్చినదేమో. ఎడారి ఎప్పుడూ ఖాళీగా లేదు. ఇప్పుడు నిలిచి ఉన్న సవారోలలో అతివృద్ధమైనవి మొలచిన నాటికి ఆ నేల ఇంకా మెక్సికోలోనిది. అంతకు ఎంతో ముందు నుండి అది ఓఓధమ్ ప్రజలది.

ఆ కాలపరిమాణాన్ని కొంచెం తలచుకోవాలి. నేలమీద పడిన సవారో గింజ మెస్కీటు వంటి ఒక చెట్టు నీడలో మొలుస్తుంది. మొదటి ఎనిమిదేళ్లలో అంగుళం, అంగుళంన్నర పెరుగుతుంది. ముప్పయి అయిదేళ్లు దాటితేగాని పూయదు. మొదటి చేయి రావడానికి యాభై నుండి డెబ్బయి అయిదేళ్లు, ఒక్కొక్కచోట నూరేళ్లు పడుతుంది. ఆయుర్దాయం నూటయాభై నుండి రెండువందలేళ్లు. వాన కురిస్తే వెడల్పుగా, పైపైనే పరచుకున్న వేళ్లతో నీటిని త్రాగి మడతలు విప్పుకుంటుంది. ఎండిన కాలంలో ముడుచుకుంటుంది. పగటి వేడికి నీరు పోకుండా రాత్రిపూట మాత్రమే రంధ్రాలు తెరచి గాలి పీలుస్తుంది. వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలో తరువాత చిన్న గుడ్లగూబ కాపురముంటుంది. ఇటువంటి జీవితాన్ని ఒక ఉదయం చూచి ‘ధ్వజస్తంభం’ అని వ్రాసుకోవడం ఎంత తేలికపని!

తొహొనో ఓఓధమ్ అంటే ‘ఎడారి ప్రజలు’. ఇతరులు పెట్టిన ‘పపాగో’ అనే పేరును వారు 1986లో అధికారికంగా తొలగించుకున్నారు. సవారోను వారు హాషఞ్ అంటారు. దానిని మనుషులలో చేరినదిగా ఎంచుతారు. జూన్, జూలై నెలలలో కుటుంబాలు కలిసి పండ్లు కోస్తాయి. రసం కాచి పాకం తీస్తారు. కొంత పులియబెట్టి వానను పిలిచే ఉత్సవంలో పుచ్చుకుంటారు. కొత్తయేడు మొదలయ్యేది అప్పుడే. గుజ్జు తీసిన ఎర్రని తొక్కను వాన రావాలని ఆకాశంవైపు తిప్పి నేలమీద ఉంచుతారు. నేను పువ్వని పొరబడిన ఎరుపు ఇదే. ఆ ఎరుపు వారికి అలంకారం కాదు, ప్రార్థన.

ఈ ఉత్సవపు పాటలను రూత్ అండర్‌హిల్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 1938లో ‘శక్తికై పాడడం’ అనే గ్రంథంలో ఆంగ్లీకరించినది. ఓఓధమ్‌లలో పాట మనిషి కట్టేది కాదనీ, కలలో లభించేదనీ ఆమె వివరించినది. పాట పాడితే వాన వస్తుంది. పాటకు ఉన్న ప్రయోజనం అదే. ఆమె సందర్భాలను శ్రద్ధగా చెప్పినది. కాని ఆంగ్లంలో ఆ పాటలు పొట్టి వచనకవితలుగా మారి, ఆ కాలపు చిత్రకల్పనావాదుల పద్యాల ప్రక్కన పెట్టినా తేడా తెలియని రూపం పొందినవి. పునరుక్తి తగ్గినది, నృత్యం పోయినది, ఆ రాత్రి పోయినది. మిగిలినది అందం. ఆ అందానికి లోబడి నేను అందులో పధ్నాలుగు పాటలను తెనిగించి ఉన్నాను.

వానను పిలిచే పాట మనకు కొత్త కాదు. కప్పతల్లి ఆటను చిన్ననాట చూచినవారు మనలో ఇంకా ఉన్నారు. అంతకంటె ముఖ్యమైన పోలిక మరొకటి కలదు. వానలు వెనుకబడితే మన పల్లెలలో విరాటపర్వం చదివించడం ఆచారం. తిక్కన కావ్యరసానికి పరవశించేవారు కొందరు, మబ్బుకోసం ఎదురుచూచేవారు కొందరు ఆ పందిట్లో కలిసి కూర్చునేవారు. ఆ పర్వంలోనే పాండవులు తమ ఆయుధాలను జమ్మిచెట్టుమీద దాస్తారు. ఆ జమ్మినే రాజస్థాన్‌లో ఖేజ్రీ అంటారు. 1730లో ఖేజర్లీ గ్రామంలో ఆ చెట్లను నరకనీయకుండా వానిని కౌగిలించుకొని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించినారని చెప్తారు. సవారో మొలకకు నీడనిచ్చే మెస్కీటు ఈ జమ్మికి దాయాది. మన చెరువుగట్లను ఆక్రమించిన సర్కారుతుమ్మ కూడా ఆ వంశంలోనిదే. చూడండి, మెస్కీటును నేను సర్కారుతుమ్మ అని తెనిగిస్తే పాఠకునికి బొగ్గుబట్టీ గుర్తుకు వస్తుంది. జమ్మి అంటే దసరా గుర్తుకు వస్తుంది. రెండూ బంధువులే, ఐతే ఏ మాట ఎన్నుకుంటే ఆ మాట వెంట దాని ఊరు కదలివస్తుంది.

ఒఫీలియా జెపీడా రచన చదివిన తరువాతనే నా వ్రాతప్రతి దోషం నాకు పూర్తిగా అర్థమైనది. ఆమె 1952లో అరిజోనాలో పుట్టిన ఓఓధమ్ కవయిత్రి, భాషాశాస్త్రజ్ఞురాలు. 1983లో తన భాషకు వ్యాకరణం వెలువరించినది. 1995లో ‘సముద్రశక్తి’ అనే కవితాసంపుటం ప్రకటించినది. మేఘాలను క్రిందికి లాగడాన్ని గూర్చిన ఆమె కవిత ఒకటున్నది. అందులో పండ్లు కోసే గడనే మబ్బులకు తగిలిస్తారు. ఓఓధమ్ పంక్తి ముందు వస్తుంది. ఆంగ్లం దాని వెనుక నడుస్తుంది. ఎండిన సవారో లోపలి కర్రతోనే చేసి, కొనకు అడ్డపుల్ల కట్టిన ఆ గడను వారు కుఇపడ్ అంటారు. దీనికి ఆంగ్లంలో రెండు మూడు మాటలు కూర్చి చెప్పవలసివచ్చినది. మనకు ఒక్క మాట చాలు: దోటి. మామిడికాయలు దులిపిన ప్రతి తెలుగు పిల్లవాడికీ దోటి తెలుసు. తలయెత్తి, మెడ నొప్పి పెట్టేవరకు నిలబడి, కొన తగిలించి లాగే ఆ పని తెలుసు. దోటి అన్న మాట దొరికిన నాడు నేను చాల సంతోషించినాను. మహావృక్షానికి దొరకని తెలుగు, దానిని అందుకునే పనిముట్టుకు దొరికినది.

జెపీడాలో మెచ్చుకోలు ప్రత్యేకంగా లేదు. ఆమె తన బంధువులను, వంటలను, వానవాసనను, తల్లిదండ్రుల మాటలను చెప్తుంది. చెట్టు ఆ మాటల మధ్య ఉంటుంది. సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు, తన పూర్వికుడైన నారాయణుడు రసాలన్నిటిలోనూ సారం అద్భుతమేనని భావించినట్లు పేర్కొన్నాడు. ఈ మాటను మనం సాధారణంగా అతిశయోక్తిగా తీసుకుంటాము. జెపీడాను చదివిన తరువాత నాకు దానిలో ఒక సత్యం తోచినది. అద్భుతం కొత్తదనంలోనే ఉండనక్కరలేదు. రోజూ చూచేదానిలో, కోసుకొని తినేదానిలో కూడా విస్మయం మిగిలి ఉంటే అది మరింత గట్టిది. వాన్ డైక్ విస్మయం రంగు మారగానే చల్లారేది. క్రచ్ విస్మయం ఆలోచనగా పండినది. ఈమె విస్మయం పనిలో ఇమిడి ఉన్నది.

ఒక మిత్రుడు నా ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. “మనం రష్యను నవలలను, ఫ్రెంచి కథలను ఆంగ్లం ద్వారానే చదువుకున్నాము. ఓఓధమ్ పాటను ఆంగ్లం ద్వారా తెలుగు చేస్తే ఏమి తప్పు? విరాటపర్వం వానకోసం చదివేదైనా పరభాషలలోకి పోలేదా?” అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. రష్యను నవల బజారులో అమ్ముడుపోయిన గ్రంథం. ఎవరైనా చదవాలనే దానిని వ్రాసినారు. విరాటపర్వం కూడా కవి శ్రోతకు ఇచ్చిన కావ్యమే. వానకై చదవడం జనం దానికి తరువాత కల్పించుకున్న ఉపయోగం. ఓఓధమ్ పాట అట్లాకాదు. అది ఒక ఋతువుకు, ఒక రాత్రికి, ఒక పనికి కట్టుబడి ఉన్నది. ఆ కట్టు తెంచి రెండవ భాషలో ఒకసారి, మూడవ భాషలో మరొకసారి అందంగా ఆరబెట్టడం నాకు ఇప్పుడు ఇష్టం లేదు. ఇది అనువాదకులందరికీ సూత్రమని నేను చెప్పను. నా మిత్రుని వాదానికి పూర్తి సమాధానం నావద్ద ఉన్నదనీ చెప్పను. నా చేతిలోని పధ్నాలుగు పాటల మట్టుకు నాకు తోచినది ఇది.

విమర్శలో చెట్ల క్షేమసమాచారం ఎందుకని అడిగేవారుంటారు. 1933లోనే టూసాన్ దగ్గరి సవారో అడవిని రక్షితప్రదేశంగా ప్రకటించినారు. 1994లో అది జాతీయోద్యానమైనది. ఐనా 2023 వేసవిలో ఫీనిక్సు నగరంలో వరుసగా ముప్పయి ఒక్క రోజులు ఎండ 110 ఫారన్‌హీట్ డిగ్రీలకు తగ్గనప్పుడు అక్కడి సవారోల చేతులు విరిగిపడ్డవి. కొన్ని చెట్లు నిలువునా కూలినవి. రాత్రులు కూడా చల్లబడకపోతే రాత్రి శ్వాసించే చెట్టుకు గతి లేదు. మరొక ప్రమాదం మనకూ తెలిసిన ఒక గడ్డివల్ల వచ్చినది. ఆఫ్రికాలోను, మన రాజస్థాన్ ఎడారిలోను సహజంగా పెరిగే అంజన్ గడ్డిని అక్కడ పశువుల మేతకై తెచ్చి నాటినారు. థార్‌లో అది పశువులకు ప్రాణాధారం. సొనోరాలో అది సవారోల మధ్యనున్న ఖాళీని నింపి, నిప్పు అంటుకుంటే కొండంతా కాలడానికి వంటచెరకు అవుతున్నది. క్రచ్ మర్యాద అని మెచ్చిన ఆ దూరమే పూడిపోతున్నదన్నమాట. అక్కడి నుండి నాగజెముడు వచ్చి మన డొంకలను ఆక్రమించినది; మనకూ తెలిసిన గడ్డి వెళ్లి వారి కొండలను కాల్చుతున్నది. ఊరు మారితే మొక్క గుణం మారినట్లే మాట గుణమూ మారుతుంది. ఈ సంగతి తెలియకుండా తెచ్చి నాటేవాడు సదుద్దేశంతోనే హాని చేస్తాడు. అనువాదకునికి ఇంతకంటె మంచి హెచ్చరిక ఏమున్నది?

తిరిగి వచ్చిన తరువాత వ్రాతప్రతిని మొదటి నుండి సవరించినాను. వాన్ డైక్ భాగాలను తగ్గించి, వెలుగును, రంగును గూర్చిన పుటలు మాత్రం ఉంచినాను. క్రచ్‌ను పూర్తిగా ఉంచినాను. పధ్నాలుగు పాటలను తీసివేసినాను. అందులో మూడు తీసివేయడానికి చాల బాధపడినాను. జెపీడా కవితలో ఓఓధమ్ పంక్తులను తెలుగు లిపిలో యథాతథంగా ముందు నిలిపి, తెలుగును వాని వెనుక నడిపించినాను. ‘బ్రహ్మజెముడు’ను అంతటా కొట్టివేసినాను. వాన్ డైక్, క్రచ్‌ల మాటలలో ‘సవారో’ అని, జెపీడా మాటలలో ‘హాషఞ్’ అని వ్రాసినాను. పాఠకునికి మొదట రెండూ కటువుగానే తోచవచ్చు. దోటి ఉన్నది కనుక అందుకోగలడని నా నమ్మకం.

నా చిన్న పుస్తకంలో ‘ధ్వజస్తంభం’ అన్న మాట ఇంకా ఉన్నది. దాని క్రింద మేనల్లుని చేతివ్రాతలో ఒక వాక్యం ఉన్నది: “మామయ్య పూలనుకున్నవి పండ్లు.” దానిని కొట్టివేయలేదు.